పోటు వచ్చేదాకా

ముదిగుబ్బకు ఆమడ దూరంలో, చీనీ (బత్తాయి) తోట నడుమ, ఎండిపోయిన పాత బావి. అడుగున చేరిన పూడు మట్టి తీయడానికి దిగిన కుళ్లాయప్ప మీద తూర్పు దరి గోడ కూలి, మనిషి నడుము దాకా మట్టిలో కూరుకుపోయాడు. అన్న ఈరప్ప సాయం కోసం బండి వేసుకుని ముదిగుబ్బకు పోయాడు. గట్టు మీద మిగిలింది వదిన సిద్దమ్మ, ఊరంతా జడిసే ఆమె నోరు. ఆ మధ్యాహ్నం ఆమెకు ఆ నోరు తప్ప వేరే పనిముట్టు లేదు.

"మాట ఆపొద్దంటి కదా. ఆపొద్దు."

"ఆపలేదొదినా. ఊపిరి తీసుకొంటాండా."

"తీసుకొనేటప్పుడన్నా ఊఁ అను. నీ సద్దు లేకుంటే నాకీడ కాళ్లు ఆడవు."

"నీకు ఆడవు. నాకు లేనే లేవు."

"లేవంటే ఏందిరా? నొప్పి తెలుస్తాండాదా లేదా?"

"ఇందాక తెలిసె. ఇప్పుడు తిమ్మిరి. ఎడమది యాడుండాదో తెలీదు. కుడిది తెలుస్తాది, మడమ కాడ ఎవరో పట్టుకొన్నట్లుండాది."

"మట్టి యాడిదాకా ఉండాది?"

"నువ్వడిగినప్పుడల్లా ఆడికే ఉండాది. మొలతాడు కాడికి."

"నిజం చెప్పు."

"మొలతాడుకు బెత్తెడు పైకి."

"ఇందాక కిందికి అంటివే."

"ఇందాక కిందికే ఉండె."

"మోకు చంకల కింద బిగువుగా ఉండాదా? రోంత లాగి చూస్తా, పట్టుకో—"

"లాగొద్దు. లాగొద్దొదినా, నీకు దండం పెడతా. నువ్వూ అన్నా కలిసి లాగినారు కదా, బొక్కెన చేదినట్ల. ఏమాయె? నడుము తెగి మీ చేతికి వస్తాదనుకొంటి. పైన ఇంకో గంపెడు మట్టి పడె."

"మాకేం తెలుసప్పా. ఇరుక్కుంటే లాగాల అనే తెలుసు."

"నాకూ అదే తెలిసుండె. ఆడికి పోయేదాకా."

"యాడికి?"

"దిబ్బకు."

"మళ్లా దిబ్బేనా."

"చూడు, ఎత్తితే చాలు మొగం తిప్పుకొంటావ్. వచ్చినప్పటి నుంచి చెప్తామంటే, సోమరోళ్ల ఊరు అని తిట్టి పొయ్యి కాడికి పోతావ్."

"ఇప్పుడు తిట్టను. ఇప్పుడు నాకు పొయ్యి లేదు, పని లేదు. చెప్పు. మొదటి నుంచి చెప్పు."

"గవ్వలదిబ్బ దాని పేరు."

"తెలుసు. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా చెప్పేటోనివి కదా. అది ఎట్లుంటాది?"

"పొడుగ్గా ఉంటాది, తాడు పరిచినట్ల. ఒక పక్క సముద్రం, ఒక పక్క ఉప్పుకాలవ. నడుమ ఇసక. ఈ తట్టు నిలబడి ఉమ్మితే ఆ తట్టు పడతాది."

"అబద్ధం."

"రోంత అబద్ధమే. సరుగుడు చెట్లు, వాటి కింద ఇండ్లు. ఇండ్లకు తలుపులుంటాయి గాని గడియలుండవు. గడియ యాల అంటే, గాలికి కొట్టుకొంటే తాడుతో కడతాం లే అన్నారు."

"దొంగలు?"

"దొంగతనం చేసి యాడికి పోతాడొదినా, పడవ ఒకటే. అది పోలయ్యతాతది."

"పడవ ఎన్ని గంటలకు?"

"తాత టీ తాగినాక."

"టీ ఎప్పుడు తాగుతాడు?"

"నిద్ర లేచినాక."

"లేచేది ఎప్పుడు?"

"ఎవరన్నా లేపితే. లేపేదానికి ఎవరికీ మనసొప్పదు."

"సోమరోళ్లు."

"తిట్టనంటివి."

"తిట్టలే. ఉండేదంటాండా. ఏంది ఆ సద్దు? కుళ్లాయీ, ఏంది?"

"పెళ్ల పడింది. చిన్నదే."

"తలకాయకు తగిలెనా?"

"గంప బోర్లించుకొనుండా తల మీద. దాని మీద పడె. నువ్వు గట్టు అంచుకు రావొద్దొదినా. నువ్వు అడుగేస్తే ఈడ రాలతాంది."

"నేను కదల్లేదు."

"వంగినావు. నీ నీడ చూసినా."

"సరే, వంగను. కదలను. చెప్పు, ఆడ నువ్వేం చేస్తాంటివి?"

"బయటోళ్లకు గదులున్నాయి నాలుగైదు. తాటాకు గదులు. చెన్నై నుంచి వస్తారు సముద్రం చూసేదానికి. నేను ఊడ్చేది, చెట్లకు నీళ్లు పోసేది. వచ్చిన పొద్దు ఫోను చూసుకొంటా, గడియారం చూసుకొంటా తిరుగుతారు. పక్కపొద్దుకు చెప్పులు యాడ విడిచినారో కూడా తెలీదు. నన్నడుగుతారు."

"నీకు తెలుస్తాదా?"

"నాకే తెలుస్తాది. ఆ దిబ్బ మొత్తానికి ఉరుకులాడే మనిషి నేనొకణ్నే. నాకు ఉరుకప్ప అని పేరు పెట్టినారు. అదిగో ఉరుకప్ప వస్తాండాడు, పక్కకు జరగండి అనేటోళ్లు."

"బాగా పెట్టినారు."

"మధ్యాహ్నం ఊరంతా పండుకొంటాది. కుక్కలు కూడా. అంగడామె కూడా. ఏమన్నా కావాలంటే నువ్వే తీసుకొని, లేచినాక చెప్పాల."

"చెప్పకపోతే?"

"ఎవరూ అట్ల అడగలేదు. నువ్వే అడిగినావ్."

"ఇప్పుడు ఆడ పండుకొనుంటారా?"

"ఈ యాళప్పుడా? ఊఁ. అందరూ."

"ఊఁ... ఉండు, ఫోన్ మోగతాంది. మీ అన్న. ఆఁ, చెప్పు. ఉండాడు, మాట్లాడతాండాడు. యాడ? జేసీబీయా? డ్రైవరు యాడికి పోయినాడు? లేపు. లేపి పిల్చుకొని రా. ఏమప్పా, నన్నడిగితే నేనేం చెప్పేది, బిర్నె రా. హలో. హలో... పెట్టేసినాడు. అబ్బీ, జేసీబీ దొరికిందంట. వస్తాండాది."

"వద్దు."

"వద్దేంది?"

"వదినా, ఇది విను. జేసీబీ గట్టు కాడికి రాకూడదు. ఈ తూర్పు దరి పైనుంచి కిందికి నెర్రె ఇచ్చిండాది. నాకు కనపడతాంది, చెయ్యి పడతాది దాంట్లో. నీ అడుగుకే రాలతాంది కదా, జేసీబీ అదురుకు మొత్తం కూచుంటాది."

"ఇప్పుడు చెప్తావా?"

"నువ్వు బయపడతావని చెప్పలే."

"ఇప్పుడు బయపడలేదా నేను? ఉండు, ఫోన్ చేస్తా... ఎత్తడు. బండి మీదుండాడు, ఎత్తడు. మళ్లా చేస్తా... ఎత్తలేదు."

"ఎత్తుతాడులే. యాడన్నా నిలబడినప్పుడు చూసుకొంటాడు."

"మీ అన్నా? చూసుకొంటే ఇంతకాడికి యాల వస్తాం."

"వదినా."

"ఏం."

"పొద్దున ట్యాంకరు వచ్చె కదా. తొట్టి నిండిందా?"

"నిండింది. తొట్టి సంగతి ఇప్పుడెందుకు?"

"ఊరికే అడిగినా."

"ఇదే ఆఖరంట. ట్యాంకరాయప్ప బోరు కూడా గాలి కొడతాందంట, ఇంగ రానని చెప్పి పోయినాడు. సాయంత్రం చెట్లకు విడవాల అనుకొంటిమి. ఇప్పుడు యాడ విడిచేది, యాడ చూసేది."

"విడవండి. ఆకు చుట్టుకొంది, పొద్దున చూసినా. ఈ తడి తప్పితే నిలబడవు."

"నీ నడుము చూసుకో ముందు. మట్టి యాడిదాకా ఉండాది?"

"ఆడికే. బొడ్డు కాడికి."

"బొడ్డు కాడికా? మొలతాడు అంటివి కదరా."

"రెండూ పక్కపక్కనే కదొదినా."

"అయ్యో దేవుడా. మాట్లాడు. మాట్లాడు నువ్వు. ఆ దిబ్బలో తాగే నీళ్లు యాడివి? చుట్టూ ఉప్పే కదా?"

"తవ్వుకొంటారు."

"బోరా?"

"చేత్తో."

"పరాచికాలకు ఇదా యాళ?"

"నీ మీద ఒట్టు. ఇసకలో మోచెయ్యంత గుంత తీస్తే చాలు, తియ్యటి నీళ్లు. వాన నీళ్లు ఇసకలో దిగి ఉప్పు నీళ్ల మీద తేలతాంటాయంట. లోతుకు పోతే ఉప్పు తగుల్తాది, అందుకని పైపైనే తవ్వుతారు. పిల్లోళ్లు తవ్వుతారు ఆడుకొంటా. తాగి, మళ్లా పూడ్చి పోతారు."

"..."

"వదినా? నువ్వు ఆపినావే ఇప్పుడు."

"ఏం లే."

"ఏడుస్తాండావా?"

"చేత్తో అంటాండావే. మోచెయ్యంత. ఈడ పాతాళం దాకా బోర్లు ఏసి ఏసి, దుమ్ము వచ్చేది చూసి చూసి, ఆఖరికి నిన్ను దించితిమి. దిబ్బ మీద పండుకొనేటోనికి ఫోన్ చేసి, రా అబ్బీ, మీ అన్న ఒక్కని చేత కాదు, పూడు తీసిపోదువు అని నేనే పిలిస్తి. నా నోరు పడిపోను."

"నువ్వు పిలవకున్నా వస్తాంటి."

"వచ్చేటోనివి కాదు. సోమరోళ్లల్లో సోమరోనివై హాయిగా ఉండేటోనివి."

"మొదటిసారి ఆ నీళ్లు తాగిన పొద్దు నేను కూడా ఏడ్చినా. గుంత పక్కన కూచోని. ఎవరికీ తెలీదు. ఈ నీళ్లు మా వదినకు ఒక్క కడవ చూపించాల అనుకొంటి."

"ఊరుకో."

"నిజం. చెట్లు నాటిన యేడు నువ్వు కడవ మోసేది, నేను చెంబుతో పోసేది. గుర్తుండాదా? ఒక్కో మొక్కకు ఒక్కో చెంబు. నేను దొంగగా మూల చెట్టుకు రెండు పోసేటోణ్ని."

"తెలుసు. అది కదా అన్నిటికంటే ఎత్తు. చూసీ చూడనట్ల పోతాంటి నేను."

"దానికి కూడా ఆకు చుట్టుకొంది వదినా."

"చెట్ల మాట ఎత్తొద్దు. మీ అన్న పైకి రమ్మంటే అప్పుడే యాల రాలేదు నువ్వు? దరి చూసి రా అన్నాడు కదా."

"ఆఖరు గంప ముట్టుకొన్నావా?"

"ముట్టుకొన్నా."

"ఎట్లుండె?"

"సల్లగుండె."

"అందుకే. పిడికిట్లో పట్టుకొంటే ముద్దాయె. నాయన చెప్తాండె కదా, తూర్పు దరి కింద ఊట ఉండాదని, దాని నోరు పూడిందని. రెండు గంపలు తీస్తే తెలుస్తాది అనుకొంటి. రెండే."

"మీ నాయన శానా చెప్పినాడు. ఊటా లేదు, ఏం లేదు. సల్లదనం బావి అడుగున ఎప్పుడూ ఉంటాది."

"ఏమో."

"ఏమో కాదు. ఉండు, మళ్లా చేస్తా... ఎత్తలేదు. అబ్బీ, ఇందాక ఒక మాటన్నావ్. ఇరుక్కుంటే లాగకూడదని దిబ్బలో తెలిసిందంటివి. ఏం జరిగె ఆడ?"

"ఏం జరగలే."

"జరగకుండా తెలుస్తాదా?"

"పోయిన కొత్తలో. కాలవ దాటి రావాల. నీళ్లు తగ్గిండె, అడుసు బయటపడిండె. ఇదే దగ్గిర దోవ అని ఉరికినా. నడిమధ్యలో మోకాళ్లు దాటి దిగిపోయినా."

"అయ్యో."

"లాగినా కాలు. లాగేకొద్దీ దిగింది. ఇది వస్తే అది పోయె, అది వస్తే ఇది పోయె. చచ్చినానురా అనుకొని అరిచినా. ఊరంతా వచ్చింది. వచ్చి ఒడ్డున కూచుంది."

"కూచుందా?"

"కూచుంది. పోలయ్యతాత పడక మీదనుంచి లేచి వచ్చి, బీడీ ముట్టించి, 'ఎందుకబ్బయా తొందర, ఊరికే ఉండు' అన్నాడు. ఒకామె చెక్క మీద నడిచొచ్చి నా చేతికి కాఫీ ఇచ్చిపోయింది."

"ఎవరామె?"

"ఎవరో. అంగడామె చెల్లెలు."

"పేరు లేదా దానికి?"

"ఉంటాది. ఇప్పుడు ఆ యమ్మి పేరెందుకొదినా."

"ఊఁ. ఎందుకులే. తర్వాత?"

"తర్వాత ఏముండాది, కాఫీ తాగినా. వచ్చేసింది."

"ఏం వచ్చేసింది?"

"కాలు."

"ఎట్ల వచ్చింది?"

"అదే వచ్చింది."

"వట్టిగ కూచుంటేనా?"

"ఊఁ."

"నువ్వీడ పొద్దున్నుంచి వట్టిగనే ఉండావే. రాలేదే?"

"ఇది వేరే మట్టి."

"కుళ్లాయీ. నా మొగం చూసి చెప్పు."

"నీ మొగం కనపడదొదినా. కండ్లల్లో ఎండ పడతాంది."

"అయితే చూడకుండానే చెప్పు. కాలు ఎట్ల వచ్చింది?"

"పోటు వచ్చింది."

"పోటంటే?"

"సముద్రం పొంగేది. పొద్దుకు రెండుమార్లు పొంగుతాది, తగ్గుతాది. ఆడ గంటలు ఎవరూ అడగరు, పోటా, పాటా అని అడుగుతారు. పాటంటే తగ్గేది. అంతే, ఇంకేం లేదు."

"అంటే నీళ్లు."

"ఆడ సముద్రం నీళ్లు."

"నీళ్లొచ్చె. అడుసు వదులాయె. కాలు విడిచె."

"అడుసు వేరే, ఇది వేరే."

"కాలు పక్కన నీళ్లు దిగితే మట్టి పట్టు విడుస్తాది. అదేనా?"

"నాకు తెలీదు."

"తెలీకనే తొట్టి నిండిందా అని అడిగితివా?"

"ఊరికే అడిగినానంటి కదా."

"ఓరి నీ... పొద్దున్నుంచి తెలుసు నీకు. తెలిసి, దిబ్బ కతలు చెప్తా కూచున్నావు. నీళ్లు పోస్తే కాలు వస్తాదని తెలిసి నోరు మూసుకొని ఉండావు."

"నువ్వే కదా చెప్పమంటివి కతలు."

"పోస్తాండా."

"వద్దొదినా. వద్దు. అవి చెట్ల నీళ్లు. ఇంగ ట్యాంకరు రాదు. నువ్వే చెప్తివి. ఇన్నేండ్లు సాకిన చెట్లు, ఒక్క కాలు కోసరం... మనుషులొస్తారు, మెల్లగా పారలతో తీస్తారు. రోంత తిమ్మిరి, అంతే."

"జేసీబీ వస్తాంది."

"దూరం పెట్టించు."

"నా మాట వింటాడా మీ అన్న? కంగారులో నేరుగా బావి మీదికే తోలిస్తాడు."

"వింటాడు. వదినా, ఆ నీళ్లు ముట్టుకొంటే నేను పైకొచ్చి ఆ చెట్లను చూడలేను. చెప్తాండా."

"సరే."

"సరేనా?"

"సరేలే. పోయను. నువ్వట్ల అంటే ఏం చేసేది. పోయను గాని నువ్వు మాట ఆపొద్దు. దిబ్బ గురించి చెప్పు. సాయంత్రం ఏం చేస్తారు ఆడ?"

"నిజంగా పోయవు కదా?"

"నోరు తెరిస్తే అనుమానమా? చెప్పు."

"సాయంత్రం... సాయంత్రం అందరూ సముద్రం తట్టు పోయి కూచుంటారు. ఏం చేయరు."

"గట్టిగా చెప్పు, వినపడదు."

"ఏం చేయరు అంటాండా. ఊరికే కూచుంటారు. మొదట్లో నేను అడిగినా, ఎవరికోసరం కూచున్నారు అని. నవ్వినారు. ఎవరికోసరం కాదంట. మనం కూచుంటాం కదొదినా, అరుగు మీద, మబ్బు తట్టు చూసుకొంటా, అట్ల కాదు. ఏదీ రావాల్సింది లేదు వాళ్లకు. వట్టిగ కూచుంటారు, చీకటి పడతాది, లేచి పోతారు. నాకు అది చేతనయ్యేదానికి రెండేండ్లు పట్టింది. వదినా, మాట దూరం పోతాందే. యాడుండావ్?"

"ఈడే. నీడకు జరిగినా రోంత."

"ఏందో ఈడుస్తాండావు."

"మంచం."

"తోటలో మంచం యాడిది?"

"ఉండాదిలే. చెప్పు, చెప్పు. చేతనైనాక?"

"చేతనైనాక బాగుండె. కండ్ల ముందర అన్ని నీళ్లు, ఒక్క బొట్టు కూడా నాది కాదు, దాన్ని కాపాడే పని నాది కాదు. చెట్టు ఎండుతాదనే దిగులు లేదు, బోరు గాలి కొడతాదనే దిగులు లేదు. అట్ల కూచున్నప్పుడు నాకు మీరు గుర్తొస్తారు. గుర్తొచ్చి తప్పు చేసినట్లుంటాది. ఒక్కపారన్నా మా వదినను తెచ్చి ఈడ కూచోబెట్టాల అనుకొంటాంటి. చెప్పులు విడిచి, కొంగు గాలికి విడిచి. నువ్వు ఆడ కూడా ఎవరినో ఒకరిని తిడతా ఉంటావులే. వదినా? వింటాండావా?"

"వింటాండా."

"ఇప్పుడు దగ్గిరకొచ్చె మాట. వదినా, తల మీదికి ఏందో వస్తాంది. నల్లగా. పైపు... వదినా, ఇది డ్రిప్పు పైపు."

"పట్టుకో."

"పోయనంటివి."

"అబద్ధం చెప్పినా. పట్టుకో."

"నేను పట్టుకోను."

"పట్టుకోకుంటే పైనుంచి పడతాది, దరి తడిసి మొత్తం నీ మీదికి వస్తాది. నేను వాల్వు తిప్పేసి వచ్చినా. నీళ్లు దోవలో ఉండాయి. పట్టుకొంటావా, నేను దిగాల్నా?"

"దిగొద్దు. దిగొద్దు, పట్టుకొంటాండా. చెట్లు చస్తాయొదినా."

"చావనీ. నా చేత్తో నాటినా, నా చేత్తోనే పోనీ. పైపు కొస తొడ పక్కన గుచ్చు. పోలయ్యతాత ఏం చెప్పినాడో అదే నేను చెప్తాండా. బీడీ ఒకటే తక్కువ."

"వచ్చినాయి."

"కాలు పక్కకే పోనీ. దరికి తగలనీయొద్దు."

"తెలుసు."

"ఎట్లుండాది?"

"సల్లగుండాది."

"కాలు లాగొద్దు. ఉరుకప్పా, వింటాండావా? లాగొద్దు. వేళ్లు ఆడించు, ఉంటే."

"ఉండాయో లేదో తెలీదు. ఆడిస్తాండా అనుకొంటాండా."

"అనుకో, చాలు. ఫోన్... ఆఁ. ఇప్పుడు చూసినావా ఫోను? యాడుండావ్? రోడ్డు కాడనా? ఆడనే ఆపు. జేసీబీ ఆడనే ఆపు. ఒక్క గజం ఇట్లొచ్చినా నేను దానికి అడ్డం పండుకొంటా, నన్ను తొక్కించుకొని రావాల. దరి నెర్రె ఇచ్చిండాది. ఆఁ, నువ్వు రా, నడుచుకొంటా రా. గునపాలతో కాదు, ఉత్త చేతుల్తో. పరిగెత్తొద్దు. నేల అదుర్తాది, మెల్లగా రా. ... ఆపినాడు అబ్బీ."

"ఇన్నాడా?"

"ఇన్నాడు. మొదటిసారి."

"వదినా, ఎడమ మోకాలు కదిలె."

"కదలనీ. నువ్వు కదిలించొద్దు."

"కదిలించలే. అదే కదిలింది. బురదాయె చుట్టూ."

"మట్టి యాడిదాకా ఉండాది? నిజం."

"మట్టి లేదు, బురద. బొడ్డు కాడికి. వదినా, నువ్వేం చేస్తాండావు?"

"కూచున్నా."

"ఊరికేనా?"

"ఊరికే. అంచుకు దూరంగా. మోకు చేతికి చుట్టుకొని కూచున్నా."

"బాగుండాదా?"

"పాడుగుండాది. నీ దిబ్బోళ్లకు ఎట్ల చేతనైతాదో."

"రెండేండ్లు పడతాది."

"నాకు అన్నేండ్లు లేవు. ఎడమది వచ్చెనా?"

"వస్తాంది. పిక్క దాకా వచ్చె. తొందరపెట్టను."

"పెట్టొద్దు."

"వచ్చె. వదినా, ఎడమది వచ్చేసె. చెప్పు ఆడనే ఉండిపోయె గాని కాలు వచ్చె."

"చెప్పు పోతే పోనీ. కుడిది?"

"మోకాలు వదులాయె. మడమొకటే, ఏదో రాయి కింద ఉన్నట్లుండాది. నీళ్లు దిగాల దాని కిందికి."

"..."

"ఆ మూల చెట్టుకు ఒక్క చెంబన్నా మిగిలించొదినా. మిగతావి పోతే పోనీ. వినపడతాందా?"

"ఊఁ."

"నువ్వు మాట తగ్గించినావే. అన్న వచ్చినాడా?"

"రాలేదు. వస్తాంటాడు. నువ్వు చెప్పు. నువ్వే చెప్పు."

"నేనేం చెప్పేది, నువ్వు తిడతాంటే నాకు బాగుండాది. రోంత తిట్టు."

"..."

"వదినా, ఇంగ చాలు. మడమ వస్తాది, కదులుతాంది. నీళ్లు రొమ్ము కాడికొచ్చె. ఇంత యాల, ఊరికే దండగైతాండాయి. సగం తొట్టన్నా ఉంటాది కదా, అవి చెట్లకు విడువు. పోయి వాల్వు కట్టెయ్."

"ఏం వచ్చె రొమ్ము కాడికి?"

"నీళ్లొదినా. ఎక్కుతానే ఉండాయి. కట్టెయ్యంటే వినవే?"

"అబ్బీ. పైపు కొస యాడుండాది?"

"నీళ్ల లోపల. మునిగిపోయె. తూర్పు దరి కింద బుడగలు లేస్తాండాయి. యాల?"

"తొట్టి ఎండిపోయి శానాసేపాయె కుళ్లాయీ. నీకు చెప్పేదానికి నోరు రాక కూచోనుండా."